జ్వరం రాని జబ్బును ఇంట్లో పెద్దవాళ్లలో ఎలా పసిగట్టాలి

మా అమ్మకు 74 ఏళ్లు. తిరుపతిలో మా ఇంటి ముందు తెల్లవారుజామున ముగ్గు ఇప్పటికీ తనే వేస్తుంది. రెండేళ్ల కింద కార్తీక మాసంలో ఒక పొద్దున గేటు తీసి చూస్తే చుక్కలన్నీ వరసగానే ఉన్నాయి, గీతలు మాత్రం కలవలేదు. ఒక గీత చుక్క పక్కనుంచి జారి మెట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. పిండి డబ్బా మూత లేకుండా అక్కడే ఉంది. అమ్మ లోపల మంచం మీద కూర్చుని ఉంది. ఏమైందమ్మా అంటే "ఏం లేదు లేమ్మా, ఒళ్లు బరువుగా ఉండాది" అంది. థర్మామీటర్ పెట్టి చూశాను. 99 చూపించింది. హమ్మయ్య, జ్వరం లేదు అనుకున్నాను.

దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే వయసు మీద పడింది కదా, నీరసం అని బలం మాత్రలు రాసిచ్చారు. మర్నాడు రాత్రికి అమ్మకు ఊపిరి ఎగపోసింది. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది. న్యుమోనియా. తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాం. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా నేను అడిగి, చదివి తెలుసుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో అరవై దాటిన వాళ్లు ఉంటే చదవండి. నాలా ఆలస్యం చేయకండి.

ముందు, లోపల ఏం మారుతుందో తెలుసుకోండి

"వయసైపోయింది, ఇమ్యూనిటీ తగ్గింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. జరిగేది అంత సింపుల్ కాదు. అది అర్థమైతేనే కింద చెప్పే పనులు ఎందుకు చేయాలో తెలుస్తుంది. అందుకే ఇక్కడ కాస్త ఓపిక పట్టండి.

రక్తంలోని రక్షక కణాలన్నీ పుట్టేది ఎముకల్లోని మూలుగలో. మటన్ కూరలో మూలుగ ఎముక పీల్చుకుని తిన్నవాళ్లకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. పసిపిల్లల్లో దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అందులో చాలా భాగం కొవ్వుగా మారి పసుపు రంగుకు తిరుగుతుంది. మిగిలిన మూలకణాల, అంటే ఈ రక్షక కణాలను పుట్టించే తల్లి కణాల తీరు కూడా మారుతుంది. పుండు పడగానే పరుగెత్తుకొచ్చే న్యూట్రోఫిల్స్ లాంటివాటిని అవి బాగానే తయారు చేస్తుంటాయి. మన ఒంట్లో రోజుకు దాదాపు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ పుడతాయని అంచనా. తగ్గేవి లింఫోసైట్లు, అంటే శత్రువును గుర్తుపట్టి, జ్ఞాపకం పెట్టుకుని కొట్టే బి కణాలు, టి కణాలు.

వీటిలో టి కణాల కథ వేరు. మూలుగలో పుట్టినా అవి పని నేర్చుకునేది థైమస్ అనే గ్రంథిలో. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉంటుంది అది. టి కణం అనే పేరులోని 'టి' దానిదే. ఒకప్పుడు థైమస్‌ను పనికిరాని ముక్క అనుకునేవారు. 1961లో జాక్వెస్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే, వాటికి జబ్బులను తట్టుకునే శక్తే లేకుండా పోయింది. అప్పుడు తెలిసింది దాని విలువ.

థైమస్‌ను ఒక బడి అనుకోండి. చాలా కఠినమైన బడి. మన ఒంటినే శత్రువనుకుని కొట్టే కణాలను, అసలు ఏదీ గుర్తుపట్టలేని కణాలను అక్కడే ఏరి పారేస్తారు. చేరినవాటిలో చాలా కొద్ది మాత్రమే పాసై బయటికొస్తాయి. ఈ బడి చిన్నతనం నుంచే కుంచించుకుపోవడం మొదలవుతుంది. డెబ్బైల్లోకి వచ్చేసరికి అందులో ఎక్కువ భాగం కొవ్వే. ఊళ్లో బడి మూతపడే ముందు చూశారా, గదులు అలాగే ఉంటాయి, పిల్లలు మాత్రం ఏడాదికేడాది తగ్గిపోతుంటారు. ఇదీ అంతే. అయినా ఆ మిగిలిన కొంచెం కూడా పనికొచ్చేదే. ఆపరేషన్‌లో థైమస్ తీసేసిన పెద్దవాళ్లను, గుండెకో ఛాతీకో అలాంటి ఆపరేషనే అయినా థైమస్ తీయని వాళ్లతో పోల్చి అమెరికాలో చేసిన పరిశోధన 2023లో వచ్చింది. అయిదేళ్లలో చనిపోయినవాళ్లు మొదటి గుంపులో 8.1 శాతం, రెండో గుంపులో 2.8 శాతం.

బడి నుంచి కొత్తవాళ్లు రావడం ఆగితే ఉన్నవాళ్లతోనే నడపాలి. వాళ్లు పాత శత్రువులకు అలవాటు పడ్డవాళ్లు. సైటోమెగలో వైరస్ అని ఒకటుంది. మన దేశంలో చాలామందికి చిన్నప్పుడే సోకి, పెద్దగా బాధపెట్టకుండా ఒంట్లో ఉండిపోతుంది. దానికి కాపలా కాయడానికే పెద్దవాళ్లలో టి కణాల్లో పెద్ద భాగం కేటాయించి ఉంటుంది. ఎప్పుడూ చూడని క్రిమి వచ్చిందంటే గుర్తుపట్టే కళ్లు తక్కువ. పాత జబ్బులకు జ్ఞాపకం ఉంటుంది, కొత్తదానికి సమయం పడుతుంది.

న్యూట్రోఫిల్స్ లెక్కకు తగ్గవన్నాను కదా. అవి దారి తప్పుతాయి. కుర్రవాళ్లలో క్రిమి ఉన్న చోటికి నేరుగా వెళ్లే కణాలు, పెద్దవాళ్లలో అటూ ఇటూ తిరుగుతూ పోతాయి. దారిపొడుగునా ఒలికే ఎంజైములు మంచి కణజాలాన్ని కూడా దెబ్బతీస్తాయి. క్రిమిని మింగే కణాలకు మింగే చురుకు తగ్గుతుంది. ఇవన్నీ చాలవన్నట్టు, ఒంట్లో ఏ ఇన్‌ఫెక్షనూ లేకపోయినా సన్నటి మంట ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 2000లో ఇటలీ శాస్త్రవేత్త క్లాడియో ఫ్రాన్సెస్కీ దీనికి ఇన్‌ఫ్లమేజింగ్ అని పేరు పెట్టారు. మన మాటలో నివురుగప్పిన నిప్పు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, ముసలివైనా చావని కణాలు ఆ నిప్పును ఆరనివ్వవు. షుగర్, గుండె జబ్బు, కండ కరిగిపోవడం అన్నిటికీ దానితో సంబంధం ఉంది.

ఇక జ్వరం. జ్వరం అనేది రక్షక కణాలు మెదడుకు పంపే కబురు వల్ల వస్తుంది. పెద్దవాళ్లలో ఆ కబురు మెల్లగా వెళ్తుంది, ఒళ్లు వేడెక్కించుకునే శక్తి కూడా తగ్గి ఉంటుంది. గట్టి ఇన్‌ఫెక్షన్ ఉన్నా నలుగురైదుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ జ్వరమే రాదు. మా అమ్మ విషయంలో నేను తప్పింది ఇక్కడే.

మొదటి పని: వాళ్ల మామూలు ఎంతో రాసిపెట్టుకోండి

ఇది ఈ రోజే మొదలుపెట్టండి. ఒంట్లో బాగున్నప్పుడే చేయాలి.

ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. వారం రోజుల పాటు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుక కింద పెట్టి చూడండి. కాఫీ తాగి ఉంటే 20 నిమిషాలు ఆగండి. చంకలో పెడితే కాస్త తక్కువ చూపిస్తుంది కాబట్టి ఎప్పుడూ ఒకే చోట పెట్టండి. వచ్చిన అంకెను గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గళ్లోనే రాయండి. ఫోన్‌లో రాసుకుంటే మీకు మాత్రమే తెలుస్తుంది. గోడ మీద రాస్తే మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో ఎవరైనా చూసుకోవచ్చు.

అమ్మ ఇంటికొచ్చి కోలుకున్నాక నేను ఇలా రాస్తే పద్నాలుగు అంకెల్లో ఒక్కటి కూడా 97 దాటలేదు. ఎక్కువసార్లు 96.6. అంటే ముగ్గు చెదిరిన పొద్దున నేను చూసిన 99, ఆమె మామూలు కంటే రెండు డిగ్రీల పైనే ఎక్కువ. నాకు 99 మామూలు. ఆమెకు అది జ్వరం. ఆ క్యాలెండర్ పేజీ ఇంకా దాచుకున్నాను.

పెద్దవాళ్లకు లెక్క ఇలా పెట్టుకోండి. ఒక్కసారైనా 100 దాటితే జ్వరమే. 99 పైన పదే పదే కనిపిస్తే జ్వరమే. వాళ్ల మామూలు కంటే 2 డిగ్రీలు పెరిగితే, అంకె ఎంతైనా సరే, జ్వరమే. మోకాళ్ల నొప్పులకని రోజూ పారాసిటమాల్ వేసుకునేవాళ్లు మన ఇళ్లలో చాలామంది. అది జ్వరాన్ని కప్పేస్తుంది. వాళ్ల విషయంలో మాత్ర వేసుకోక ముందే ఒళ్లు చూడాలి.

అదే వారంలో ఇంకో మూడు రాయండి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటున్నారు, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఎంత చూపిస్తోంది, బరువు ఎంత. బరువు నెలకోసారి చాలు.

రెండో పని: వాళ్ల రోజు వారీ పనిని గమనించండి

ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు ఒక ముగ్గు ఉంటుంది. మా పక్కింటి తాతకు అది పేపర్. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గట్టిగా చదువుతాడు. మీ ఇంట్లో అది తులసికి నీళ్లు పోయడం కావచ్చు, సీరియల్ టైముకు టీవీ పెట్టమనడం కావచ్చు, మనవడికి ఫోన్ చేయడం కావచ్చు. ఆ పని హఠాత్తుగా ఆగినా, తేడాగా జరిగినా ఆ రోజే పట్టించుకోండి. రేపు చూద్దాం అనుకోకండి.

మాట తడబడటం, పగలేదో రాత్రేదో తెలియక తికమకపడటం, పిలిస్తే మగతగా పలకడం, తెలిసినవాళ్లను గుర్తుపట్టకపోవడం ఒకటి రెండు రోజుల్లో వచ్చాయంటే అది మతిమరుపు జబ్బు అని వదిలేయొద్దు. మతిమరుపు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. రెండు రోజుల్లో వచ్చిన తికమక వెనక చాలాసార్లు ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, రక్తంలోనో ఇన్‌ఫెక్షన్ ఉంటుంది. కారణం లేకుండా కిందపడటం, ఒక్క పూటలో అన్నం మానేయడం, ఉన్నట్టుండి బట్టల్లోనే మూత్రం పోవడం కూడా ఇదే కోవ. దగ్గు లేకుండానే న్యుమోనియా రావచ్చు. మా అమ్మ ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఊపిరి నిమిషానికి 25 దాటినా, ఆక్సీమీటర్ 94 కంటే తక్కువ చూపించినా ఇంట్లో కూర్చోవద్దు. 90 కంటే తగ్గితే 108కి ఫోన్ చేయండి. చలికాలం వేళ్లు చల్లగా ఉంటే మీటర్ తప్పు చూపించవచ్చు. చేతులు రుద్ది, వెచ్చబడ్డాక మళ్లీ పెట్టండి.

మూడో పని: డాక్టర్ దగ్గర మాట సరిగ్గా చెప్పండి

"నీరసంగా ఉంది డాక్టర్" అంటే నీరసానికే మందు వస్తుంది. "మొన్నటి దాకా రోజూ చుక్కల ముగ్గు వేసేది, నిన్నటి నుంచి గీత కలపలేకపోతోంది, మామూలుగా 96.6 ఉండే ఒళ్లు 99 ఉంది, ఊపిరి నిమిషానికి 26 తీసుకుంటోంది" అని చెప్పండి. ఏ డాక్టరైనా ఛాతీకి స్టెత్ పెట్టే మాట ఇది. క్యాలెండర్ పేజీ ఫోటో, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి.

రక్త పరీక్షలో తెల్లకణాల మొత్తం 4,000 నుంచి 11,000 మధ్య ఉంటే నార్మల్ అని ల్యాబ్ కాగితం మీద ఉంటుంది. పెద్దవాళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఆ అంకె పెరగకపోవచ్చు. అందుకని నార్మల్ వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. మొత్తంతో పాటు న్యూట్రోఫిల్స్ శాతం ఎంత, పచ్చి కణాలు, అంటే పూర్తిగా ఎదగని తెల్లకణాలు బయటికొచ్చాయా అని అడగండి. ఇంకో మాట. ఇమ్యూనిటీ ఎంతుందో చెబుతామని ప్యాకేజీలు అమ్ముతున్నారు. థైమస్ ఎంత మిగిలింది, కొత్త టి కణాలు ఎన్ని వస్తున్నాయి అని మామూలు ల్యాబ్‌లో చెప్పే పరీక్ష లేదు. ఆ డబ్బు టీకాకు దాచండి.

మూత్ర పరీక్షలో క్రిమి కనబడగానే యాంటీబయాటిక్ అడగకండి. వయసైన ఆడవాళ్లలో ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు ఉండటం మామూలే. మంట, పొత్తికడుపు నొప్పి, జ్వరం, తికమక ఉన్నాయా లేదా అన్నది చూసి డాక్టర్ తేలుస్తారు.

మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో, పొలం గట్ల మీద ఉండే నల్లి కంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. వానలు పడ్డాక, చలి మొదలయ్యేటప్పుడు ఎక్కువ. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, నొప్పి ఉండదు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద, నడుము దగ్గర చీర కట్టు కింద ఉంటుంది. పెద్దవాళ్లకు అది కనిపించదు, కనిపించినా సిగ్గుపడి చెప్పరు. స్నానం చేయించేటప్పుడు కూతురో కోడలో చూడాలి. మగవాళ్లకైతే కొడుకు చూడాలి. మచ్చ ఉంటే డాక్టర్‌కు చూపించండి. డాక్సీసైక్లిన్ అనే చవకైన మందుతోనే నయమవుతుంది, ఆలస్యమైతేనే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష చేయించండి. ఎప్పుడో వయసులో సోకి, టి కణాల కాపలాలో పడుకున్న క్షయ క్రిమి, కాపలా పలచబడ్డాక లేస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితం.

చిత్తూరు వాళ్లకు వేలూరు పెద్దాసుపత్రి దగ్గర. ఏదైనా వేలూరుకే అనే అలవాటు కూడా ఉంది. ఊపిరి ఆడని మనిషిని మాత్రం అంత దూరం తీసుకెళ్లకండి. ముందు దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న చోటికి, జిల్లా ఆసుపత్రికో, తిరుపతిలో అయితే రుయాకో స్విమ్స్‌కో చేర్చండి.

నాలుగో పని: టీకాలు ముందే వేయించండి

పెద్దవాళ్లకు టీకా ఏమిటి, అది పిల్లలకు కదా అని మా అమ్మే అంది. పైన బడి సంగతి చెప్పాను కదా, టీకా అవసరం వాళ్లకే ఎక్కువ. కొత్త శత్రువును గుర్తుపట్టే కణాలు కొన్నే ఉన్నప్పుడు, శత్రువు ఫోటోను వాటికి ముందే చూపించాలి. అసలు క్రిమి వచ్చాక చూపిద్దామంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కుర్రవాళ్లలో పనిచేసినంతగా పెద్దవాళ్లలో టీకా పనిచేయదు, అది నిజం. కానీ ఆసుపత్రి పాలు కాకుండా, ప్రాణం మీదికి రాకుండా కాపాడే బలం అప్పటికీ ఉంటుంది.

ఫ్లూ టీకా ఏటా వేయించాలి. వైరస్ ఏటా రూపు మారుస్తుంది, పోయినేటి టీకా ఈ ఏటికి చాలదు. వేసిన రెండు వారాలకు గానీ రక్షణ రాదు కాబట్టి వానలు మొదలవక ముందే వెళ్లండి. న్యుమోనియా టీకా న్యుమోకాకస్ అనే క్రిమికి. దీనిలో రకాలున్నాయి. కొన్ని ఒక్క డోసుతో సరిపోతాయి, కొన్నింటి తర్వాత ఇంకో రకం వేయాలి. ఏది వేశారో పేరు కాగితం మీద రాయించుకోండి, లేకపోతే రెండోసారి వెళ్లినప్పుడు ఎవరికీ తెలియదు. మా అమ్మకు ఆసుపత్రి నుంచి వచ్చి పూర్తిగా కోలుకున్నాక రెండూ వేయించాను. అంతకుముందు ఏడాదే వేయించి ఉండాల్సింది.

మూడోది సర్పి టీకా. దీన్ని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టి కణాల వయసు కంటికి కనిపించే జబ్బు ఇదే. చిన్నప్పుడు అమ్మవారు (ఆటలమ్మ, చికెన్‌పాక్స్) పోసి తగ్గాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కన నరాల మొదళ్లలో దాక్కుంటుంది. టి కణాలు దాన్ని ఏళ్ల తరబడి కదలనివ్వకుండా కాపలా కాస్తాయి. యాభై దాటాక కాపలా సడలుతుంది. వైరస్ ఒక నరం వెంట బయటికొచ్చి, ఒంటికి ఒక పక్కనే నీటి పొక్కుల పట్టీ వేస్తుంది. పొక్కుల కంటే ముందే ఆ చోట మంట, సూదులు గుచ్చినట్టు నొప్పి వస్తాయి. మన ఊళ్లలో సర్పి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందంటారు, మంత్రం వేయిస్తారు, ఎర్రమన్ను పట్టిస్తారు. అది ఒక నరం దారినే పోతుంది కాబట్టి సాధారణంగా ఒంటి మధ్యగీత దాటదు. భయపడకండి. కానీ మంత్రానికి పోయే మూడు రోజులే అసలు నష్టం. పొక్కులు కనబడిన 72 గంటల్లో వైరస్ మందు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే పొక్కులు మానినా నెలల తరబడి నరం నొప్పి మిగిలిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ ముప్పు ఎక్కువ. కంటి దగ్గరో, ముక్కు మీదో వస్తే అదే రోజు కంటి డాక్టర్‌కు చూపించాలి.

షింగ్రిక్స్ అనే టీకా మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. 50 దాటిన వాళ్లకు రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలలు. పెద్ద పరీక్షల్లో 50 దాటిన వాళ్లలో 97 శాతం, 70 దాటిన వాళ్లలో దాదాపు 90 శాతం సర్పిని ఆపింది. ముసలి రోగనిరోధక వ్యవస్థ టీకాకు స్పందించదు అనేవాళ్లకు ఇదే జవాబు. ఆ టీకాలో కణాలను గట్టిగా తట్టి లేపే పదార్థం కలిపారు, అందుకే అంత ఫలితం. ఖరీదైంది, ప్రభుత్వం ఉచితంగా ఇవ్వదు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, ఒళ్లు నొప్పులు రావచ్చు, టెన్షన్ పడొద్దు.

అయిదో పని: పొట్లాల మందులు ఆపించండి, కానీ ఒక్కసారిగా కాదు

మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి పేరు లేని మాత్రలు పొట్లాల్లో కట్టి ఇచ్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయం. వాటిలో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టర్ చెప్పిన జబ్బుకు, చెప్పిన మోతాదులో అది ప్రాణం కాపాడే మందే. అవసరం లేకుండా నెలల తరబడి వాడితే అసలే పలచబడిన లింఫోసైట్లను అది ఇంకా అణగదొక్కుతుంది, జ్వరాన్ని కప్పేస్తుంది, షుగర్ పెంచుతుంది. ముఖం ఉబ్బడం, చర్మం కాగితంలా పలచనై కాస్త తగిలితే కమిలిపోవడం గమనిస్తే ఆ పొట్లాన్ని తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీకు మీరు చటుక్కున ఆపేయకండి. ఎన్నాళ్లుగానో వాడుతున్న స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా తగ్గించాలి.

ఇమ్యూనిటీ బూస్టర్ పొడులు, సీసాలు థైమస్‌ను తిరిగి పెంచలేవు. మిరియాల కషాయం తాగండి, గొంతుకు హాయిగా ఉంటుంది, అంతవరకే.

ఆరో పని: కంచంలో పప్పు పెంచండి

క్రిములను పట్టుకునే యాంటీబాడీలు ప్రోటీనే. వయసు మీదపడ్డాక పళ్లు లేక, వండుకునే ఓపిక లేక మనవాళ్లు చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. మా అమ్మ 50 కిలోలు, అంటే 50 నుంచి 60 గ్రాములు. మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు. ఒక గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6 పైన, గుప్పెడు శెనక్కాయలకు 7 పైన, గిన్నెడు చిక్కటి పప్పుకు 7 ఇలా లెక్క వేసుకోండి.

దీనికి మన సీమ వంట చాలు. సంగటిలోకి శెనక్కాయల ఊరిమిండి, ఉలవల చారు, అలసందల కూర, చలికాలంలో పితికిపప్పు. పళ్లు లేకపోతే పప్పును మెత్తగా రుబ్బి సంగటిలో కలపండి. వారానికి రెండుసార్లు మునగాకు. మాంసం తినేవాళ్లకు నాటుకోడి పులుసే ముక్కతో సహా, రసం ఒక్కటే కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడిగాకే ప్రోటీన్ పెంచాలి. శాకాహారులు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు విటమిన్ బి12 పరీక్ష ఒకసారి చేయించుకోండి.

ఏడో పని: కండ కరగనివ్వకండి

కదిలే కండరం నుంచి వెలువడే కొన్ని పదార్థాలు టి కణాలకు ఊపిరి పోస్తాయి. ఏళ్ల తరబడి సైకిల్ తొక్కుతున్న 55 నుంచి 79 ఏళ్ల వాళ్లు 125 మందిని ఇంగ్లండ్‌లో పరీక్షించారు, 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. థైమస్ నుంచి వాళ్లకు కొత్తగా వస్తున్న టి కణాలు కుర్రవాళ్లలో వచ్చినన్ని ఉన్నాయి. వాళ్లు మామూలు మనుషులు కారు, ఒక్క బిగిన వంద కిలోమీటర్లు తొక్కగలిగే మగవాళ్లు, అరవై తొక్కగలిగే ఆడవాళ్లు. మన అమ్మా నాన్నలు అంత చేయలేరు. కానీ ఆ దిక్కుగా కదలవచ్చు.

కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, పొద్దున, సాయంత్రం. మొదట మూడుసార్లతో మొదలుపెట్టండి. పక్కన మీరు నిలబడండి. చదునుగా ఉన్న చోట నడక, ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో చెట్ల కింద పొద్దునే ఎంతోమంది పెద్దవాళ్లు నడుస్తుంటారు, వాళ్లతో కలపండి. మాటలూ దొరుకుతాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మొక్కు ఉందని మోకాళ్లు, గుండె బాగాలేనివాళ్లు ఎక్కవద్దు. అరవై దాటిన వాళ్లు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే సూచించింది. 65 దాటిన వాళ్లకు విడిగా దర్శనం ఏర్పాటు ఉంది, ఆ రోజు చూసి తీసుకెళ్లండి. క్యూలో జనం కిక్కిరిసిన చోట మాస్క్ పెట్టండి. కొండ మీద చలికి శాలువా మరచిపోకండి. ఇంట్లో పిల్లలకు జలుబు ఉంటే రెండు మూడు రోజులు తాత, నాయనమ్మల పక్కలో పడుకోనివ్వకండి. పిల్లలు ఏడుస్తారు, పెద్దవాళ్లు మనసు కష్టపెట్టుకుంటారు. నాకూ కష్టంగానే ఉంటుంది, అయినా ఆపుతాను.

మా ఇంట్లో ఇప్పుడు థర్మామీటర్ పిండి డబ్బా పక్కనే ఉంటుంది. అమ్మ ముగ్గు వేసి లోపలికి రాగానే చేతులు కడుక్కుని నోట్లో పెట్టుకుంటుంది, అంకె తనే చదివి నాకు చెబుతుంది. ఈ పొద్దున 96.8. తొమ్మిది చుక్కల ముగ్గు, అన్ని గీతలూ కలిశాయి.